స్ట్రౌడ్ ట్రక్కు వెనక ఇరుసు

లెయర్డ్ వాళ్ల మిట్టకు దారి ఏడు మైళ్లు. చివరి రెండు మైళ్లూ గంబో. గంబో మట్టి ఎండితే ఇటుక, తడిస్తే చక్రాన్ని పట్టుకుని వదలని బంక. మారిట్ ఎర్డాల్ వ్యాను ఆ రెండు మైళ్లలో మూడేళ్లుగా ఏటా మార్చిలో దిగబడుతోంది.

మారిట్ గొర్రెల ఉన్ని కత్తిరిస్తుంది. వయసు నలభై ఒకటి. మొంటానాలో మా వైపు ఈ పనికి ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె కాకపోతే నూట ఇరవై మైళ్ల అవతలి నుంచి ఒక బృందాన్ని పిలిపించుకోవాలి. మిట్ట మీద ఐదు మందలున్నాయి. ఆమె ఏడాది సంపాదనలో సగం అక్కడిదే. గొర్రెల ఈతలు ఏప్రిల్ మొదట్లో మొదలవుతాయి. ఆలోపు ఉన్ని దిగాలి. కిందటి మార్చి ఆఖర్లో వ్యాను రెండు రోజులు గంబోలో ఉండిపోయింది. మూడో రోజు హోబర్ట్ లెయర్డ్ ట్రాక్టరు తెచ్చి లాగాడు. అప్పటికి అతని గొర్రెలు పదకొండు ఉన్నితోనే ఈనేశాయి.

తాడు విప్పుతూ లెయర్డ్ అన్నాడు: "నీ చేతికి వంక పెట్టలేనమ్మా మారిట్. చిక్కంతా నీ బండితోనే వచ్చింది. వచ్చే ఏడు నీ అంతట నువ్వు పైకి రాగలిగితే రా. లేదంటే ముందే ఒక మాట చెప్పు, ఆ దూరం బృందాన్ని పిలుచుకుంటా."

మిగతా నాలుగు మందల వాళ్లూ లెయర్డ్ ఎవరిని పిలిస్తే వాళ్లనే పిలుస్తారు. ఆ సంగతి అతను చెప్పలేదు. చెప్పే అవసరం లేదు.

వ్యాను మార్చేయడం కుదరదు. కత్తిరించే యంత్రం, కత్తులు పదును పెట్టే సాన, పడుకునే బల్ల, పొయ్యి, పక్క తలుపు తీస్తే కిందికి దిగే చెక్క, అన్నీ మారిట్ ఆరేళ్లపాటు సొంతంగా అమర్చుకున్నవి. అందుకని ఆమె బాబాయ్ క్లీట్ ఎర్డాల్ దగ్గరికి వెళ్లింది. క్లీట్‌కు డెబ్బై ఒకటి. ఇంటి వెనక షెడ్డులో ఇంజను వెనక రెండు చక్రాలనే తిప్పే బండ్లను, నాలుగు చక్రాలనూ తిప్పేలా ఇప్పటిదాకా పదకొండింటిని మార్చాడు. దానికి కొత్త సామాను కొనరు. ఫోర్‌వీల్ ట్రక్కు ఒకటి కొని, దాని రెండు ఇరుసులు, బరువు మోసే కమాన్లు, ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్‌బాక్సు ఊడదీసి వ్యానుకు బిగిస్తారు. అలా తన సామాను ఇచ్చుకునే ట్రక్కును దాత అంటారు.

"మంచు పడేలోపు దాతని తీసుకురా," అన్నాడు క్లీట్. "నువ్వొక్కదానివే వెళ్లి కొనకు. రంగు చూసి పడిపోతావు."

సెప్టెంబరులో మొదటిది చూశారు. క్లీట్ వంగి ముందు చక్రాల మధ్యకు చూసి లేచాడు. ఇరుసు మీద పళ్లచక్రాలుండే గుండ్రటి డబ్బా, డిఫరెన్షియల్, కుడివైపు ఉంది. మారిట్ వ్యానుకు ఎడమవైపు ఉండాలి.

"గుండె అటుపక్కనుంది వీడికి. పద," అన్నాడు.

రెండోది పట్నంలో మంచు తోసిన ట్రక్కు. అడుగుభాగమంతా నల్లరంగు వేసి ఉంది. క్లీట్ ఇంటి తాళంచెవి తీసి రంగు మీద గీశాడు. పొరలు పొరలుగా తుప్పు రాలింది. అమ్మేవాడు పక్కనే నిలబడి, "అడుగు బాగా కాపాడుకొచ్చానండీ," అన్నాడు.

"కాపాడావయ్యా. మా కంట పడకుండా," అన్నాడు క్లీట్.

తిరిగొస్తూ మారిట్‌తో అన్నాడు: "వయసు తెలీకుండా ముసలి గుర్రం పళ్లు ఆకురాయితో రుద్ది అమ్మే రకం వాడు."

అక్టోబరు రెండో వారంలో దాణా కొట్టు బోర్డు మీద మారిట్‌కు ఒక కార్డు కనిపించింది. '1994 ఫోర్డ్ ఎఫ్-350, నాలుగు చక్రాలు. నడుస్తుంది. వెనక దెబ్బ తగిలింది. పని ఉన్న ఇంటికే ఇస్తాను. అయోన్ స్ట్రౌడ్.' పని ఉన్న ఇంటికే అనే మాట మా దగ్గర గొర్రెల కుక్కపిల్లల కార్డు మీద రాస్తారు. ట్రక్కుకు రాయడం మారిట్ చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వ్యానులో బయల్దేరారు.

"కోసేస్తామని ఆవిడతో అనకు," అన్నాడు క్లీట్.

"అడిగితేనో?"

"దగ్గు."

అయోన్ స్ట్రౌడ్‌కు డెబ్బై తొమ్మిది. భర్త ఓరిన్ పోయి మూడేళ్లయింది. వీళ్లు వెళ్లేసరికి క్యారెట్లు తవ్వుతోంది. పార నేలకు గుచ్చి, చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"ఏరా క్లీట్, ఇంకా బతికే ఉన్నావా?"

"నిన్ను పంపించాకే పోదామని అక్కా."

ట్రక్కు కొట్టం పక్కన ఉంది. జూన్ గాలివానకు చెట్టు కొమ్మ విరిగి వెనక తొట్టి మీద పడింది. తొట్టి రెండుగా వంగింది, వెనక చట్రం కుంగింది. ముందు భాగానికి ఏమీ కాలేదు. క్లీట్ మొహంలో వెలుగొచ్చింది. దాత వెతికేవాడికి కావలసింది అదే: ముందు బాగుండాలి, వెనక తొట్టి పాడైపోవాలి. బాగున్న ట్రక్కును ఎవరూ కోయనివ్వరు.

అతను తాళంచెవితో అడుగు గీశాడు. తుప్పు లేదు. తలుపు పక్క స్టిక్కరు మీద ఇరుసుల నంబరు చదివాడు. ముందూ వెనకా ఒకటే.

"స్టిక్కరు వీడి పుట్టినరోజు చెబుతుంది. ఆ తర్వాతి బతుకు చెప్పదు," అంటూ వ్యానులోంచి జాకీ, సుద్దముక్క తెచ్చాడు.

అతని పద్ధతి ఇది. ఒక చక్రం నేల మీద ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపుతాడు. టైరు మీద ఒక గీత, కింద ఇంజను నుంచి ఇరుసుకు వచ్చే జాయింట్ షాఫ్టు మీద ఒక గీత సుద్దతో గీస్తాడు. లేచిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పి, ఈలోగా షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతాడు. అదే ఆ ఇరుసు గేరు లెక్క. ముందు ఇరుసుదీ వెనక ఇరుసుదీ ఒకే లెక్క రావాలి.

అతను ముందు చక్రం కింద పడుకుని ఉండగా అయోన్ మారిట్‌ను అడిగింది: "ఏం పని చేయిస్తావమ్మా దీంతో?"

మారిట్ దగ్గలేదు. "ట్రక్కుగా ఉంచమమ్మా. ఇరుసులూ, గేర్‌బాక్సూ తీసి నా వ్యానుకి పెట్టుకుంటాం. మిగతాది తుక్కు యార్డుకి పోతుంది."

ట్రక్కు కింద నుంచి క్లీట్ దగ్గాడు.

అయోన్ ట్రక్కు తలుపు మీద చెయ్యి వేసింది. "కార్డు మీద రాశాను కదమ్మా. కుక్కపిల్లని ఇస్తానంటే తోలు కోసం వచ్చినట్టుంది మీ యవ్వారం."

"మా పద్ధతిలో దాత అంటారక్కా దాన్ని," అన్నాడు క్లీట్ కింద నుంచే.

"దాతా? దాత అంటే తనకై తను ఇచ్చేవాడు. దీన్ని ఎవరడిగారు?" అని మారిట్ వైపు తిరిగింది. "ఓరిన్ కొత్తగా కొన్న బండమ్మా ఇది. రోడ్డు మీద వెళ్తుంటే ఈ బండిని చూసే చెయ్యెత్తేవాళ్లు, లోపల ఎవరున్నారో కూడా చూసేవాళ్లు కాదు. నేనివ్వను. ఏమీ అనుకోకు."

మారిట్ సరేనంది. ఆమె అడగదలచుకుంటే అడగడానికి చాలా ఉంది. గంబో గురించి, లెయర్డ్ మాట గురించి చెప్పొచ్చు. చెప్పలేదు. "బాబాయ్, సామాను సర్దు. వెళ్దాం," అంది.

"మొదలుపెట్టిన లెక్క మధ్యలో ఆపను," అన్నాడు క్లీట్. ముందు ఇరుసుది నాలుగు చుట్లూ, పైన ఇంకొంచెం వచ్చింది. వెనక్కి వెళ్లి జాకీ పెట్టాడు. రెండు చుట్లు తిప్పాడు. ఆగాడు. మళ్లీ తిప్పాడు. గీతలు చెరిపి, కొత్తగా గీసి, మూడోసారి తిప్పాడు.

"మూడున్నర," అన్నాడు. "ముందు నాలుగు పైన, వెనక మూడున్నర. ఈ ట్రక్కు అబద్ధమాడుతోంది."

"ఎవరు అబద్ధమాడేది?" అంది అయోన్.

క్లీట్ బయటికొచ్చి కూర్చున్నాడు. "వెనక ఇరుసు దీనిది కాదక్కా. ఎవరో మార్చారు."

"ఓరినే మార్చాడు. రెండువేల రెండులో. ఎండుగడ్డి తోలుతుంటే విరిగింది. తుక్కు యార్డులో అచ్చం ఇలాంటిదే దొరికిందని రెండ్రోజులు కూర్చుని తనే బిగించాడు."

"అచ్చం ఇలాగే ఉంటుంది. లోపల పళ్లు వేరు. బిగించేముందు లెక్క చూడాలి, చూసుకోలేదు. రెండు చక్రాల మీద తోలినంతసేపూ తెలీదు. నాలుగూ వేశామంటే ముందువి ఒక లెక్కన, వెనకవి ఒక లెక్కన తిరుగుతాయి. గట్టి నేల మీదైతే ఒకదాన్నొకటి పీక్కుని బండి గెంతుతుంది."

అయోన్ ఒక అడుగు ముందుకేసింది. "ఏమన్నావు?"

"గెంతుతుంది అన్నాను."

"తోలేవాళ్లు ఎలా తోలినా?"

"దేవుడు తోలినా గెంతుతుందక్కా."

అయోన్ ట్రక్కు మెట్టు మీద కూర్చుంది. రెండువేల రెండు శీతాకాలంలో ఓరిన్‌కు జ్వరం వస్తే, ఆమె నాలుగు చక్రాలూ వేసి ఊళ్లోకి వెళ్లింది. ఊళ్లో రోడ్డు మీద మంచు లేదు. కేఫ్ ముందు మలుపులో ట్రక్కు గుర్రప్పిల్లలా గెంతింది. లోపలున్న వాళ్లందరూ కాఫీ కప్పులతో బయటికొచ్చి చూశారు. ఓరిన్ లేచి తిరగగలిగాక అదే కేఫ్‌లో కూర్చుని, బండికేం కాలేదు, మా ఆవిడకి తోలడం రాదు అని చెప్పాడు. ఆనాటి నుంచి ఊరు ఆమెను గెంతుల అయోన్ అంది. మారిట్ పందొమ్మిదేళ్లప్పటి నుంచీ ఆ పేరు వింది. అది ఎందుకొచ్చిందో అడగలేదు.

"తర్వాత ఆయన ఒకసారి వేసి చూశాడు," అంది అయోన్. "ఇంటి ముందే. గెంతింది. దిగొచ్చి, నాలుగు చక్రాలు వేసుకునేది తోలడం రానివాళ్లే అన్నాడు. పోయేదాకా మళ్లీ ఆ నాలుగు చక్రాల మీట ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు. ఇరవై రెండేళ్లు నన్ను గెంతుల అయోన్ అన్నారు. నువ్వు అనలేదూ, క్లీట్?"

క్లీట్ సుద్దముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఒకటి రెండుసార్లు అనుంటా."

"మొన్న ఈస్టర్‌కి చర్చి మెట్ల మీద అన్నావు."

"సరే, మూడు."

"ఆ సుద్ద ఇలా ఇవ్వు."

ఆమె గీతలు తనే గీసింది. చక్రం తనే తిప్పింది, రెండు చేతులతో. క్లీట్ షాఫ్టు దగ్గర పడుకుని పైకి లెక్కపెట్టాడు. వెనకది అయ్యాక, ముందుది కూడా మళ్లీ చేయించింది. నాలుగు, పైన కొంచెం. మూడున్నర. ఆమె లేచి నిలబడి నడుం మీద చేతులేసుకుంది. నవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు నవ్వింది. "ఒరేయ్ ఓరిన్," అంది కొట్టం వైపు చూస్తూ.

క్లీట్ జాకీ దించాడు. "ఎలాగూ ఇది మనకి పనికిరాదమ్మాయ్. రెండు ఇరుసులూ ఒకే బండివి, జతగా పెట్టడం నా పద్ధతి. జత తప్పిన బండి నేను తీసుకోను."

మారిట్ ఆలోచిస్తోంది. "వెనకది మార్చడమెందుకు బాబాయ్? నా వ్యాను వెనక ఇరుసుకి ఏమైంది?"

"దాని లెక్క ఎంతో తెలుసా నీకు?"

"తెలీదు. వ్యాను అదిగో ఉంది. జాకీ ఇదిగో ఉంది."

వ్యాను వెనక చక్రం లేపారు. ఈసారి షాఫ్టు కింద మారిట్ పడుకుని ప్రతి చుట్టుకీ కేకేసింది, క్లీట్ చక్రం తిప్పాడు, అయోన్ లెక్కపెట్టింది. నాలుగు, పైన కొంచెం. ట్రక్కు ముందు ఇరుసు లెక్క అదే.

క్లీట్ ట్రక్కు కిందికి వెళ్లి, ముందుకీ వెనక్కీ బలం పంచే గేర్‌బాక్సు బిరడా వదులు చేశాడు. నాలుగు చుక్కల నూనె చేతిలో పట్టుకుని బయటికొచ్చి, వేళ్ల మధ్య రుద్ది, ఎండకు పెట్టి చూశాడు. ఇనుప రజను మెరుపు లేదు, లోపల పళ్లు అరగలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ మీట ఎవరూ వేయలేదు. ముందు ఇరుసు బరువు మోసింది కానీ పని చేయలేదు.

"ఇన్నేళ్లలో ఇంత కొత్త ముసలిదాన్ని చూడలేదు," అన్నాడు.

"నన్నా?" అంది అయోన్.

"నిన్ను కూడా అక్కా."

అప్పుడు అడిగింది మారిట్. గంబో గురించి, పదకొండు గొర్రెల గురించి, లెయర్డ్ పెట్టిన షరతు గురించి చెప్పింది. "పని ఉన్న ఇల్లే అమ్మా మాది. కాకపోతే సగం బండికే పని ఉంది."

అయోన్ ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగింది. ముందు బంపరు దగ్గర ఆగింది. "ఈ సగం పాపం ఇరవై రెండేళ్లుగా పని చేయలేదు. తీసుకెళ్లు. కానీ ఒక షరతు. ధర గురించి కాదు, క్లీట్ గురించి."

"నేనేం చేశాను?"

"శనివారం పొద్దున కేఫ్‌కి రా. ఓరిన్ కూర్చునే బల్ల దగ్గర నిలబడి, ఇవాళ నువ్వేం లెక్కపెట్టావో చెప్పాలి. పెద్దగా. అప్పుడు కాగితాల మీద సంతకం పెడతా."

"అక్కా, నాకు అంతమందిలో మాట్లాడ్డం..."

"చర్చి మెట్ల మీద బాగానే వచ్చిందిగా."

ఇంటికెళ్లే దారిలో క్లీట్ ఒక మైలు దాకా టోపీ సర్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "ఇంకో ట్రక్కు చూద్దామా?"

"శనివారం ఎన్నింటికి వచ్చి ఎక్కించుకోమంటావు బాబాయ్?"

శనివారం ఉదయం ఆరున్నరకు కేఫ్‌లో తొమ్మిది మంది ఉన్నారు. ఓరిన్ బల్ల దగ్గర ఐదుగురు. అయోన్ కిటికీ పక్కన కూర్చుని పాన్‌కేకులు తింటోంది. ఎదురుగా మారిట్. క్లీట్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రెండువేల రెండులో ఓరిన్ స్ట్రౌడ్ తన ట్రక్కుకి తప్పు ఇరుసు బిగించాడు," అన్నాడు. "నేను లెక్కపెట్టాను. ముందు నాలుగుంబావు లోపు, వెనక మూడున్నర. ఆ బండి ఎవరు తోలినా గెంతుద్ది. ఓరిన్ తోలినా గెంతింది. అయోన్‌కి తోలడం రాదన్నది తప్పు. మనం అందరం అన్నాం, అందరిదీ తప్పే."

బల్ల దగ్గరి వాళ్లు కప్పులు కింద పెట్టారు.

"మళ్లీ చెప్పవయ్యా," అన్నాడు బల్ల దగ్గర చివరన కూర్చున్నాయన. "చెవి మిషను ఇంట్లో మర్చిపోయాను."

"చెప్తాడు," అంది అయోన్. "ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెప్తాడు."

క్లీట్ మళ్లీ చెప్పాడు. ఈసారి బల్ల మీద సుద్దతో రెండు గుండ్రాలు గీసి చూపించాడు. ఒకాయన అడ్డు ప్రశ్న వేశాడు, ఇంకొకాయన తన ట్రక్కు ఇరుసు కూడా మార్చిందేనని, అది కూడా చూడాలేమోనని అన్నాడు. ఐదుగురూ బయటికెళ్లి ఆ ట్రక్కు కింద వంగి చూడసాగారు. వెళ్తూ వెళ్తూ చెవి మిషను మర్చిపోయినాయన అయోన్ దగ్గర ఆగాడు.

"మరైతే ఇంక నిన్నేమని పిలవమంటావు?"

"పేరుంది కదయ్యా. మా అమ్మ పెట్టింది."

ఆమె సంచిలోంచి ట్రక్కు కాగితాలు తీసి, పళ్లెం పక్కకు జరిపి, సంతకం పెట్టింది. మారిట్ వైపు తోసింది. ఒక్క పాన్‌కేకు మిగిలింది, అది కూడా తోసింది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా క్లీట్ షెడ్డులో పని సాగింది. ఇరుసు, కమాన్లు, గేర్‌బాక్సు వ్యాను కిందికి చేరాయి. కమాన్లకు ఆధారాలు కొత్తగా చేయాల్సొచ్చింది, స్టీరింగు రాడ్డు రెండుసార్లు వంచి సరిచేయాల్సొచ్చింది. ట్రక్కులో మిగిలినదాన్ని తుక్కు యార్డు వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. మార్చి మూడున వ్యాను షెడ్డులోంచి బయటికొచ్చింది. క్లీట్ దాన్ని గట్టి రోడ్డు మీద నాలుగు చక్రాలతో నెమ్మదిగా కొంచెం దూరం తోలాడు, అది గెంతలేదు. దిగి తాళంచెవి మారిట్‌కు ఇచ్చాడు.

మార్చి పందొమ్మిదిన రెండు రోజులుగా వాన. మిట్ట దారి చివరి రెండు మైళ్లకు మారిట్‌కు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. గంబో చక్రాలకు చుట్టుకుంది, తలుపుల దాకా చిమ్మింది. వ్యాను పక్కకు జారింది, మళ్లీ దారిలోకి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఏడింటికి ఆమె లెయర్డ్ కొట్టం ముందు ఇంజను ఆపింది. గొర్రెలను ముందు రోజే లోపలికి తోలారు కాబట్టి ఉన్ని పొడిగా ఉంది.

లెయర్డ్ గొడుగు లేకుండా వచ్చి వ్యాను చుట్టూ తిరిగాడు. వంగి ముందు చక్రాల మధ్యకు చూశాడు.

"కాఫీ తాగుతావా?" అన్నాడు.

"పదిన్నరకి తాగుతాను. మొదటిదాన్ని తీసుకురా."

సాయంత్రానికి నూట ముప్పై ఆరు గొర్రెల ఉన్ని దిగింది. ఈలోగా మిట్ట మీది మిగతా నలుగురూ లెయర్డ్‌కు ఫోన్ చేశారు. అతను ఉన్ని మూట కట్టే అట్ట మీద ఎవరిది ఏ రోజో రాసి, వ్యాను లోపల పొయ్యి పైన మేకుకు తగిలించాడు. మారిట్ చదివి, ఒక పేరు పైకి, ఒక పేరు కిందికి మార్చింది. పైకి జరిపిన పేరు వాళ్ల దారి ఇంకా అధ్వానమైంది. రోడ్డు ఆరేదాకా ఆగక్కర్లేదని, వాళ్లది ముందు చేసేస్తానని చెప్పింది.